మా యింటి ప్రియదర్శిని

'మాయాబజార్' చూడని తెలుగు కుటుంబం ఉండదనుకుంటాము. 1957లో విడుదలైన ఆ చిత్రంలో ప్రియదర్శిని అనే పెట్టె ఒకటి ఉన్నది. మూత తెరిచి చూచినవారికి తమకు ఏది ప్రియమైనదో అదే అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఆనాడు అది తెర మీది మాయ. ఈనాడు దానికి చాలా దగ్గరగా వచ్చే పెట్టెలను అంగళ్ళలో అమ్ముతున్నారు. ఐతే ఒక తేడా ఉన్నది. ఆ పెట్టెలో ప్రియమైనది తనంతట తానే కనిపించింది. ఈ పెట్టెలో కనిపించాలంటే ముందుగా మనమే దానిని వెదకి, చేర్చి, పేరు పెట్టి, కాపాడుకోవాలి. ఆ పని చేయనివారికి ఇది వట్టి పెట్టె. చేసినవారికి ఎంతటి పెట్టె కాగలదో కురుగోడులో, మా యింటిలో, కొన్ని నెలలపాటు పరీక్షించి చూశాము. ఆ వివరాలు మన కుటుంబాలకు పనికివస్తాయని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

కురుగోడు సంగతి ఎరుగనివారికి కొంచెం చెప్పాలి. బళ్ళారికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, రాతి గుట్టల నడుమ ఉన్న పాత ఊరు ఇది. ఒకప్పుడు సింద వంశపు మాండలికులకు రాజధాని. చాళుక్యుల కాలపు గుళ్ళు ఇప్పటికీ ఉన్నవి. దొడ్డ బసవేశ్వరుని గుడిలోని పెద్ద నందిని చూడటానికి దూరప్రాంతాల నుంచి కూడా వస్తుంటారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినవి. బళ్ళారి తాలూకా మైసూరులో చేరినది. దానితో మేమూ చేరాము. ఆ తరువాత తుంగభద్ర కాలువలు పారి, కోస్తా జిల్లాల రైతులు ఈ ప్రాంతానికి వచ్చి క్యాంపులు కట్టుకొని వరి సేద్యం మొదలుపెట్టారు. అందువల్ల ఇక్కడి తెలుగులో రెండు మూడు రకాల యాసలు వినిపిస్తాయి. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. ఇంటిలో తెలుగు మాట్లాడతారు. తెలుగు చదవటం మాత్రం అందరికీ రాదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో ముందు ముందు తెలుస్తుంది.

అల్మైరాలో ఏమున్నది?

ముందుగా మా అల్మైరా తెరిచి లెక్క చూచుకున్నాము. పాత వీడియో క్యాసెట్లు 11. అందులో పెళ్ళిళ్ళవి అయిదు, ఒడుగులవి రెండు, ఒక షష్టిపూర్తి, తేరు పండుగనాడు తీసినది ఒకటి, ఏమిటో వ్రాయనివి రెండు. 2000 ప్రాంతంలో వచ్చిన వి.సి.డి.లు ఒక సంచిడు. కొనుక్కున్న సినిమా డి.వి.డి.లు ముప్పై పైచిలుకు. ఇవి కాక అందరి ఫోనులలోనూ పిల్లల పుట్టిన రోజులు, పొలం పనులు, పండుగలు. ఏ యింటి అల్మైరా తెరిచినా దాదాపు ఇదే సరంజామా కనిపిస్తుందని మా నమ్మకం.

క్యాసెట్లు ఉన్నవి, వాటిని ఆడించే యంత్రం లేదు. ప్రపంచంలో చివరిదాకా ఆ యంత్రాలను తయారు చేసిన జపాను దేశపు ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఆ పని మానివేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. అవి ఒక్కొక్కటీ పాడవుతుంటే బాగు చేసేవారూ తగ్గిపోతున్నారు. మరొక ప్రక్క క్యాసెట్టులోని టేపు తన పాటికి తాను క్షీణిస్తున్నది. టేపు అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. వేడికి, తేమకు ఆ జిగురు చెడుతుంది, బూజు పడుతుంది. మా ప్రాంతంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటటం మామూలే. మా పదకొండింటిలో రెండింటికి తెల్లని బూజు పట్టి ఉన్నది. అటువంటి దానిని యంత్రంలో పెట్టి ఆడించకూడదు. బూజు యంత్రపు తలకు అంటుకొని, తరువాత పెట్టిన మంచి క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది. కనుక ఆ రెంటినీ వేరే కవరులో కట్టి, శుభ్రం చేయగలవారి కోసం దాచి ఉంచాము. తక్కిన తొమ్మిదింటినీ బళ్ళారిలో ఒక పాత వీడియోగ్రాఫరు సహాయంతో కంప్యూటరులోకి ఎక్కించాము. ఈ పనిలో తొందర పనికిరాదు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కించటానికి మూడు గంటలూ పడుతుంది. యంత్రం దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి.

నీరుగంటి, కాలువ, మడి

ఇక పెట్టె విషయం. ఇంటి తెలివైన పెట్టె అని కొందరు, మీడియా ప్లేయరు అని కొందరు అంటారు. దీని పని తీరు చెప్పటానికి మా ప్రాంతంవారికి కాలువ కంటె మంచి పోలిక లేదు. ఇంటిలో ఒక మూల పెద్ద నిలువ ఉంటుంది. అది ఆనకట్ట వెనుకనున్న నీరు; అంటే హార్డ్ డిస్కు. దానిని కనిపెట్టుకొని, ఎవరు ఏది అడిగితే అది వదిలే చిన్న కంప్యూటరు ఒకటి ఉంటుంది. అది నీరుగంటి. టి.వి. దగ్గర మరొక చిన్న పెట్టె ఉంటుంది. అది మడి. ఈ రెంటి నడుమ తీగె గాని, తీగె లేని వైఫై గాని కాలువ. టి.వి. దగ్గరి పెట్టెలో ఏదీ నిలువ ఉండదు; కాలువలో వచ్చినది వచ్చినట్టు తెరకు అందిస్తుంది. దీనికంతటికీ బయటి ఇంటర్నెట్టు అక్కరలేదు. ఊరిలో లైను తెగిపోయినా యింటిలోని కాలువ పారుతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి చాలామందికి తెలియదు.

ఇటువంటి పెట్టెలన్నీ ఒకదాని మాట మరొకటి అర్థం చేసుకోవాలని 2003లో సోనీ, ఇంటెల్ మొదలైన కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నవి. తరువాత దానికి డి.ఎల్.ఎన్.ఏ. అనే పేరు స్థిరపడ్డది. 2017లో ఆ సంఘం మూతపడినా, అది ఏర్పరచిన కట్టుబాట్లను చాలా టి.వి.లు ఇంకా పాటిస్తున్నవి. ఇక డబ్బు పెట్టి కొనవలసిన పని లేకుండా, అందరి మేలు కోరి కొందరు వ్రాసి పెట్టిన కార్యక్రమాలు కూడా ఉన్నవి. వి.ఎల్.సి.ని 1996లో పారిస్ దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదలుపెట్టారు. కోడి అనేది మొదట ఎక్స్‌బాక్స్ అనే ఆటల పెట్టె కోసం పుట్టి, 2014లో ఈ పేరు పెట్టుకున్నది. జెల్లీఫిన్ 2018 డిసెంబరులో మొదలైనది. దానిని స్వచ్ఛందంగా పనిచేసేవారే పెంచుతున్నారు. మా పరీక్షలో నీరుగంటి పని జెల్లీఫిన్‌కు, మడి పని కోడికి అప్పగించాము. రెండూ రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి ప్రమాణపు కంప్యూటర్ల మీద నడిచినవి. 2012లో మొదట వచ్చినది, పిల్లల చదువు కోసమని ఇంగ్లండులో రూపొందించిన కంప్యూటరు అది. కరెంటు ఖర్చు చాలా తక్కువ. ఒక చిన్న బల్బు పాటి.

మూడు విధాల చూశాము

మొదటి విధం అందరికీ తెలిసినదే: పెన్ డ్రైవులో వేసి టి.వి.కి తగిలించటం. ఇది సులభమే గాని, దీనికి హద్దులున్నవి. పెన్ డ్రైవులు చాలావరకు పాత పద్ధతి ప్రకారం కట్టుబడి వస్తాయి. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. మా క్యాసెట్లను సెకనుకు 5 మెగాబిట్ల లెక్కన ఎక్కించాము. అంటే గంటకు 2 గిగాబైట్ల పైన. మూడు గంటల పెళ్ళి దాదాపు 7 గిగాబైట్లు. అందులో పట్టదు. ముక్కలు చేస్తే జీలకర్ర బెల్లం ఒక ముక్కలో, తలంబ్రాలు ఒక ముక్కలో పడతాయి. పైగా పెన్ డ్రైవు ఒక టి.వి. నుంచి ఇంకొక టి.వి.కి, అక్కడ నుంచి పిల్లల జేబులోకి పోయి, ఒకనాడు కనిపించదు.

రెండవ విధం టి.వి.లోనే ఉన్న ఏర్పాటుతో హార్డ్ డిస్కును అందుకోవటం. వేరే పెట్టె కొనవలసిన పని లేదు. కాని మా టి.వి.కి కొన్ని వీడియోల భాష తెలిసింది, కొన్నింటిది తెలియలేదు. ఇక్కడ భాష అంటే తెలుగు, కన్నడం కాదు. బొమ్మను కుదించి వ్రాసే పద్ధతిని అలా అంటున్నాము. వి.సి.డి.ది ఒక పద్ధతి, డి.వి.డి.ది మరొకటి, ఫోనులలో 2003 నాటి హెచ్.264, 2013 నాటి హెచ్.ఇ.వి.సి. పెట్టెకు ఆ భాష వస్తే నీరుగంటి ఉన్నది ఉన్నట్టు వదులుతాడు. రాకపోతే అతడు దుబాసీ పని కూడా చేయాలి. చెప్పిన మాటను అక్కడికక్కడే తర్జుమా చేసి అందించాలి. అరచేతి కంప్యూటరుకు అంత ఊపిరి ఉండదు. బొమ్మ నాలుగడుగులు నడిచి నిలబడుతుంది. కనుక కొనబోయేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి: అంగడివాడు చెప్పే గొప్పలన్నీ విని, తరువాత మీ యింటి ఫైళ్ళు నాలుగు అక్కడే ఆడించి చూపించమనండి. ఒక వి.సి.డి.ది, ఒక డి.వి.డి.ది, రెండు వేరువేరు ఫోనులవి. అవి ఆడితే పెట్టె మంచిది.

మూడవ విధం టి.వి. దగ్గర కోడి ఉన్న చిన్న పెట్టె. దీనికి మేము ఇచ్చిన భాషలన్నీ వచ్చినవి. పాత క్యాసెట్ల విషయంలో ఇంకొక సుగుణం కూడా కనిపించింది. పాత టి.వి. పద్ధతిలో ఒక్కొక్క బొమ్మను సరి వరుసలు, బేసి వరుసలు అని రెండు భాగాలు చేసి సెకనుకు 50 భాగాలు పంపేవారు. ఇప్పటి చదును తెర మీద ఆ రెండు భాగాలనూ ఒకేసారి చూపితే, చెయ్యి కదిపినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్ళలా విడిపోతాయి. తలంబ్రాల సమయంలో ఇది మరీ కనిపిస్తుంది. ఆ వరుసలను సరిదిద్ది కలిపే ఏర్పాటు ఈ పెట్టెలో ఉన్నది. అది వేయగానే చేతులు మళ్ళీ చేతులైనవి.

ఇక కాలువ సంగతి. ఈ ప్రాంతపు పాత ఇళ్ళలో చాలావాటికి లావుపాటి రాతి గోడలు. మాదీ అంతే. వేసవిలో అవి ఎంత చల్లనో, వైఫైకి అంత శత్రువులు. ముందు గదిలో పెట్టిన వైఫై పెట్టె నుంచి వెనుక గదికి చేరేది సెకనుకు 6 మెగాబిట్లు మాత్రమే. వి.సి.డి.కి సుమారు ఒకటిన్నర చాలు, మా క్యాసెట్లకు 5 చాలు, అవి ఆడినవి. ఫోనులో తీసిన వీడియోకు 15 నుంచి 20 కావాలి. అది ఆగి ఆగి నడిచింది. కాలువ మొదటి మడికి నీరు నిండి, చివరి మడి ఎండినట్టే. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ అనేది వేగమైనదే గాని, రాతి గోడ దాటటంలో 2.4 కంటె బలహీనం. చివరకు గోడ వెంట ఒక తీగె లాగాము. ఇటువంటి తీగె 100 మీటర్ల వరకు చక్కగా పనిచేస్తుంది. ఆ నాటి నుంచి వెనుక గదిలోనూ ఏదీ ఆగలేదు. ఎక్కువ వెల పెట్టి వైఫై పెట్టెలు మార్చేకంటె తీగె లాగటమే మేలని మా సలహా.

పెట్టె చూపించినది

ఇంతవరకు చెప్పినది యంత్రం మాట. ఇక మనుషుల మాట. పరీక్ష పూర్తయిన తరువాత ఒక సాయంత్రం అవ్వను కూర్చోబెట్టి 1991 నాటి పెళ్ళి క్యాసెట్టు చూపించాము. అదే పెళ్ళికి రెండు క్యాసెట్లు ఉన్నవి. ఒకటి వీడియోవారు హంగులన్నీ చేసి ఇచ్చినది. ఆ రోజులలోని వాడుక ప్రకారం అందులో మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే. పూల చట్రాలలో వధూవరుల ముఖాలు తిరుగుతుంటాయి. మాటలు ఒక్కటీ వినిపించవు. రెండవది హంగులు చేయక ముందు తీసినది తీసినట్టు ఉన్నది. ఇన్నాళ్ళూ దానిని ఎవరూ పట్టించుకోలేదు. పై కాగితం మీద పేరు కూడా లేదు.

ఆ రెండవ దానిలో రోటి దగ్గర పసుపు దంచుతూ అయిదుగురు ముత్తైదువలు పాడుతున్నారు. ఆ పాటలో తెలుగు చరణాల మధ్య కన్నడం మాటలు కలిసి ఉన్నవి. అవ్వ కొంతసేపు పలకలేదు. తరువాత, "ఆ ఎర్రంచు చీర మా అక్క గదరా. దాని గొంతు ఇన్నాళ్ళకు మళ్ళా విన్నాను" అన్నది. ఆ అక్కగారు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆవిడ ఫోటోలు యింటిలో నాలుగు ఉన్నవి. గొంతు మాత్రం ఆ ఒక్క క్యాసెట్టులోనే ఉన్నది. అవ్వ అడిగిందని ఆ భాగాన్ని మూడుసార్లు వేశాము. మూడవసారి అవ్వ కూడా కలిసి పాడింది. మేము ఫోను తీసి పాట మాటలన్నీ వ్రాసుకున్నాము. చివరి చరణంలో రెండు మాటలు అవ్వకే గుర్తు లేవు. అవి టేపులోనే దొరికినవి.

కనుక మన కుటుంబాలకు మా మొదటి మనవి ఇది. హంగులు చేసిన క్యాసెట్టు ఒక్కటే దాచి, అసలుది పారవేయకండి. పేరు లేని క్యాసెట్టునే ముందుగా ఎక్కించండి. సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. ఇంటివారి గొంతు ఇంకెక్కడా దొరకదు.

పేరు పెట్టటంలో ఉన్నది

నిలువ పెరిగే కొద్దీ వెదకటం కష్టమవుతుంది. ఫోను తనంతట తాను పెట్టే అంకెల పేర్లతో ఏది ఎవరిదో పదేళ్ళ తరువాత ఎవరికీ తెలియదు. మా యింటిలో దీనిమీద పెద్ద చర్చ జరిగింది. పెద్దవారు తెలుగులో పేర్లు పెట్టాలన్నారు. పిల్లలు, "మాకు కన్నడం లిపిలో ఉంటే తొందరగా చదువుతాము" అన్నారు. ఇంగ్లీషు అక్షరాలలో వ్రాస్తే సరి అని కొందరు. కంప్యూటరు అక్షరాల పట్టికయైన యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా, కన్నడానికి 3200 నుంచి 3327 దాకా స్థానాలు ఇచ్చారు. అంటే అక్కడ కూడా ఈ రెండు లిపులూ ఇరుగు పొరుగులే. మా ఊరి వీధులలాగే.

చివరకు ఇట్లా తేల్చుకున్నాము. ముందు సంవత్సరం అంకెలలో. దాని తరువాత తెలుగులో సందర్భం, ఊరు, ముఖ్యుల పేర్లు. లోపల వివరణలో అదే కన్నడం లిపిలో ఒక వరుస. సంవత్సరం ముందుండటం వల్ల అన్నీ కాలక్రమంలో వరుసగా నిలుస్తాయి. పిల్లలు కన్నడం వరుస చదివి, పైన ఉన్న తెలుగు వరుసను పోల్చుకుంటున్నారు. రెండు లిపుల పోలిక వల్ల వారిలో ఒకరికి అప్పుడే సగం తెలుగు అక్షరాలు పట్టుబడినవి. ఇది మేము అనుకోని లాభం.

ఇంకొక చిన్న సంగతి. 'పెళ్ళి' అని వెదికితే, 'పెళ్లి' అని వ్రాసినవి రావు. మన కంటికి రెండూ ఒకటే. యంత్రానికి వేరు వేరు. కాబట్టి యింటిలో అందరూ ఒకే వర్ణక్రమం పాటించాలని ఒక కాగితం మీద వ్రాసి గోడకు అంటించాము. అట్లాగే సినిమాలకు తెలుగు మాటలు తెర క్రింద వేయాలనుకునేవారు పెట్టెను ముందుగా చూచుకోవాలి. మేము చూచిన ఒక పెట్టెలో ఒత్తులన్నీ విడిపోయి ప్రక్కన నిలబడినవి. తెలుగు వచ్చినవారికి కూడా అది చదవరాలేదు.

కాపాడుకోవటం

టేపు కంటె హార్డ్ డిస్కు శాశ్వతమని ఎవరైనా అంటే నమ్మవద్దు. డిస్కు ఒకనాడు చెప్పకుండా ఆగిపోతుంది. వ్రాస్తున్న సమయంలో కరెంటు పోతే లోపలి పట్టిక చెడే ప్రమాదం ఉన్నది. అందుచేత మా నీరుగంటిని ఇన్వర్టరు లైను మీద పెట్టాము. అంతకంటె ముఖ్యం ప్రతులు. తెలిసినవారు చెప్పే సూత్రం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి మరొక ఊరిలో. మా మూడవ ప్రతి ఆదోనిలో ఆడపడుచు యింట ఉన్నది. ఒకప్పుడు ఒకే జిల్లా, ఇప్పుడు వేరే రాష్ట్రం. పెళ్ళి సంబంధాలు మాత్రం గీత ఎరుగవు. ప్రతి సంక్రాంతికి ఆమె డిస్కు తెస్తుంది. కొత్తవి ఎక్కించి పంపుతాము. ఇట్లా చేయటం వల్ల రెండు యిళ్ళ జ్ఞాపకాలూ ఒకచోట చేరుతున్నవి. 2 టెరాబైట్ల డిస్కులో మా లెక్క ప్రకారం 800 గంటలకు పైగా పడుతుంది. ఒక కుటుంబానికి చాలాకాలం సరిపోతుంది.

హక్కుల మాట కూడా చెప్పుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న వీడియోకు, వేరే ఒప్పందం లేకుంటే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. మన పెళ్ళి వీడియో మనదే. సినిమాల సంగతి వేరు. విడుదలైన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు సినిమా మీద హక్కు నిర్మాతది. కొనుక్కున్నది యింటిలో చూచుకోవటం ఒకటి. ప్రతులు తీసి ఊరంతా పంచటం మరొకటి. అది మనవారు చేయరాదు.

ఎవరి వేళకు, ఎవరి చేత?

1975 ఆగస్టు నుంచి ఒక్క ఏడాది, ఉపగ్రహం ద్వారా దేశంలోని 2,400 పల్లెలకు టి.వి. చూపించారు. మా పొరుగు జిల్లాలైన రాయచూరు, కర్నూలు పల్లెలు అందులో ఉన్నవి. ఊరి జనం ఒక పెట్టె ముందు, పైవారు నిర్ణయించిన వేళకు, పైవారు పంపినది చూచేవారు. తరువాత ఇంటింటికీ టి.వి. వచ్చింది, ఇప్పుడు నెలకింత అని చందా కట్టి ఇంటర్నెట్టులో కావలసినవి చూస్తున్నాము. అది సుఖమే. ఐతే ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల అక్కడ ఉండకపోవచ్చు. ఆ సంస్థకూ నిర్మాతకూ గల ఒప్పందం తీరితే తీసివేస్తారు. చూచేవాడిని ఎవరూ అడగరు. చందా కట్టేవాడు అద్దెకున్నవాడు. అల్మైరా ఉన్నవాడు సొంతదారు.

సొంతదారు జాగ్రత్తగా లేకపోతే ఏమవుతుందో మన సినిమా చరిత్రే చెబుతున్నది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' నేడు చూద్దామంటే లేదు. పూనాలో జాతీయ ఫిల్ము భాండాగారం ఏర్పడినది 1964లో. అప్పటికే ఎన్నో పోయినవి. 2003లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో మరికొన్ని పాత నైట్రేటు ఫిల్ములు కాలిపోయినవి. ఇక మా బళ్ళారి విషయమే తీసుకుందాము. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఈ ఊరిలో సభలు స్థాపించి నాటకాలాడించారు. బళ్ళారి రాఘవ (1880–1946) తెలుగు రంగస్థలం మీద ఎంతటి నటుడో మన పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆయన నటించిన చిత్రాలు 'ద్రౌపదీ మానసంరక్షణం' (1936), 'రైతుబిడ్డ' (1939), 'చండిక' (1940) వంటి కొద్ది మాత్రమే. బళ్ళారిలో ఆయన పేరిట కళామందిరం ఉన్నది. ఆయన రంగస్థలం మీద నిలబడి పలికిన తీరు మాత్రం చూచినవారి మాటలలోనే మిగిలినది. ఆ చూచినవారూ పోయారు. అంతటి మహానటునికే అట్లా అయినప్పుడు, రోటి దగ్గర పాడిన మన యింటి ఆడవారి పాటను ఏ భాండాగారం దాచిపెడుతుంది? అది మన పనే.

పెట్టె కొనాలా వద్దా అని అడిగేవారికి మా జవాబు ఇది. ముందు పెట్టె కొనకండి. ముందు అల్మైరా తెరిచి క్యాసెట్లు లెక్కపెట్టండి. ప్రతిదాని మీద సంవత్సరం, సందర్భం వ్రాయండి. గుర్తుపట్టగల పెద్దవారు యింటిలో ఉండగానే వారి ప్రక్కన కూర్చొని, ఎవరెవరో అడిగి వ్రాసుకోండి. తరువాత క్యాసెట్లు ఎక్కించండి, తరువాత రెండు డిస్కులు, తరువాత తీగె, ఆ తరువాతనే పెట్టె. పెట్టెలు ఏటేటా మారుతుంటాయి. అయిదేళ్ళలో ఇప్పటిది పాతబడి మరొకటి వస్తుంది. దానికి విచారపడవలసిన పని లేదు. పేర్లు సరిగా వ్రాసి ఉంటే ఏ కొత్త పెట్టె అయినా వాటిని చదువుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ ఏర్పాటు అంతా యింటిలో ఒక్కరికే తెలిసి ఉండరాదు. ఏ బొత్తాము దేనికో, డిస్కు ఎక్కడున్నదో, రహస్య పదం ఏమిటో కనీసం ఇద్దరికి తెలియాలి. ఒక కాగితం మీద వ్రాసి దస్తావేజులతో పాటు ఇనుప పెట్టెలో ఉంచాలి. మా యింటిలో ఆ రెండవ మనిషి పన్నెండేళ్ళ పిల్ల. ఇప్పుడు అవ్వ పాట వినాలంటే మమ్మల్ని పిలవటం మానివేసింది. ఆ పిల్లనే పిలుస్తున్నది.